నాలుగు మాటల వాంగ్మూలం

“నాలుగు మాటలెందుకు రాశావే? వాడు చెప్పింది ఒక్క మాటే కదా!”

పొద్దుటి నుంచీ అమ్మ ఇదే అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ గొంతు ఒక మెట్టు పైకెక్కుతోంది. కూతురు టీచరమ్మ మాత్రం తల వంచుకుని కూర్చుంది. బడిలో ఎవరైనా ఇలా తల వంచుకుంటే, ‘జవాబు నేల మీద రాసి ఉందా?’ అని నిలదీసే మనిషి.

భోజనాల బల్ల మీద, తమ్ముడు పనిచేసే లిఫ్టుల కంపెనీ పంపిన నోటీసు పరిచి ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒక పక్క ఉప్పు డబ్బా, ఇంకో పక్క టీ కప్పు పెట్టారు. ఎగిరిపోయినా బాగుండునని ఆ ఇంట్లో అందరికీ ఉంది.

“చదువు. నాకర్థమయ్యేట్టు చదువు,” అంది అమ్మ.

“ఎన్నిసార్లు చదవనమ్మా?”

“రాయడానికి లేని బద్ధకం చదవడానికి వచ్చిందా?”

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన మాటల్లో పెట్టి చదివింది. “లిఫ్ట్ మెకానిక్ తన వాంగ్మూలంలో మొదట మర్చిపోయానన్నాడు. తర్వాత కంట పడలేదన్నాడు. ఆ తర్వాత అశ్రద్ధ చేశానన్నాడు. చివర్న తెలిసీ వదిలేశానన్నాడు. దీన్నిబట్టి లోపం ఉందని అతనికి ముందే తెలుసని, కావాలనే లిఫ్టును నడవనిచ్చాడని అర్థమవుతోంది. కేసు పోలీసులకు ఎందుకు అప్పగించకూడదో ఈ రోజు విచారణలో చెప్పుకోవలసింది.”

“నా కొడుకు ఇవన్నీ అన్నాడా?”

“అనలేదు.”

“మరెవరన్నారు?”

“నేను,” అంది టీచరమ్మ.

కిటికీ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న తమ్ముడు ఈ తల్లీకూతుళ్ళ వైపు చూడటం లేదు. గోళ్ళు చూసుకుంటున్నాడు. పనిలో ఉన్నన్నాళ్ళూ ఆ గోళ్ళలో గ్రీజు నలుపు ఎన్ని సబ్బులు అరగదీసినా పోయేది కాదు. పనిలోకి రావద్దన్నాక వాటంతటవే తెల్లబడ్డాయి. వాటిని చూసినప్పుడల్లా అమ్మ మొహం తిప్పుకుంటోంది.

వంటగదిలో మరదలు గిన్నెలు తోముతోంది. అవి తోమేసిన గిన్నెలే. ఆ సంగతి అందరికీ తెలుసు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అసలు జరిగింది ఇది. ఊళ్ళో పెద్ద హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే విభాగానికి సామాన్ల లిఫ్ట్ ఒకటుంది. దాని మంచీచెడూ చూసుకునే పని తమ్ముడిది. లిఫ్ట్ ఆ అంతస్తులో లేనప్పుడు అక్కడి తలుపు తెరుచుకోకూడదు. మూడో అంతస్తులో తెరుచుకుంది. దుప్పట్ల బండిని లాక్కుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్న లాండ్రీ మనిషి లిఫ్ట్ ఉందనుకుని అడుగేసింది. అక్కడ లిఫ్ట్ లేదు, కింది అంతస్తులో ఆగి ఉంది. దాని కప్పు మీద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుం విరిగింది. మళ్ళీ లేచి నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

ఏం జరిగిందో రాసిమ్మని కంపెనీ తమ్ముణ్ణి అడిగింది. ఇంగ్లీషులో రాయాలంది. “ఇంట్లో ఇంగ్లీషు టీచరుని పెట్టుకుని బయటివాళ్ళ కాళ్ళు పట్టుకోవడం దేనికి?” అన్నది సాక్షాత్తూ అమ్మే. ఇప్పుడు ఆ సంగతి గుర్తుచేసే సాహసం ఎవరు చేస్తారు?

తమ్ముడు చెప్పాడు, టీచరమ్మ రాసింది. ‘ఆ తలుపు లాకులో స్ప్రింగ్ వదులైంది, మార్చాల్సింది, మర్చిపోయా.’ అతను చెప్పింది ఇంతే. అయితే కంపెనీవాళ్ళు అడిగిన ప్రశ్నలు నాలుగు. ఎటు తిప్పి అడిగినా ‘మర్చిపోయా’ అన్నదే జవాబు. అదే మాట నాలుగు పేరాల్లో నాలుగుసార్లు రాయాలి. అక్కడే వచ్చింది తంటా.

టీచరమ్మకు ఒకే మాట రెండోసారి కనబడితే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టు ఉంటుంది. పిల్లల వ్యాసాల్లో అలాంటి మాట దొరికిందంటే చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన ‘ఇంకో మాట?’ అని రాస్తుంది. అందుకే పిల్లలు చాటున ఆవిణ్ణి ‘ఇంకోమాట టీచర్’ అంటారు. అదొక బిరుదులా మురిసిపోయేది కూడా.

తమ్ముడి వాంగ్మూలానికీ అదే పద్ధతి పట్టింది. మొదటి పేరాలో ఫర్‌గాట్ అని రాసింది. రెండో పేరాలో ఓవర్‌లుక్డ్. మూడోదాంట్లో నెగ్లెక్టెడ్. నాలుగోదాంట్లో ఇగ్నోర్డ్. రాసి, ఒకసారి పైకి చదువుకుని, ‘బాగా కుదిరింది’ అనుకుంది. బాగా కుదిరిందట! తమ్ముడి మెడకు ఉరితాడు పేనుతూ, పేట అందంగా పడిందని సంబరపడింది.

ఇంతా చేసి ఆ నాలుగు మాటలకూ ఉన్న తేడా తెలియని మనిషా అంటే కాదు. సగం ఏడాది ఆవిడ బడిలో చెప్పేదే అది, ఏ రెండు మాటలూ ఒకటి కావని. మిగతా సగం ఏడాది ఒకే మాట రెండుసార్లు రాసినందుకు మార్కులు కోస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరదని ఇన్నేళ్ళలో ఆవిడకు ఒక్కసారీ తట్టలేదు.

ఫోను మోగింది. యూనియన్ పెద్దాయన. టీచరమ్మ విని, “అలాగేనండి… అలాగే,” అని పెట్టేసింది.

“ఏమంటాడు?” అంది అమ్మ.

“నన్నే వచ్చి చెప్పమంటున్నారు. ఆ మాటలు వాడివి కావు, నావి అని. నా అలవాటే అంత అని. సాక్ష్యానికి బడిలో దిద్దిన నోటు పుస్తకాలు కొన్ని తెమ్మన్నారు. ఎర్ర సున్నాలున్నవి.”

“నమ్ముతారా?”

“నమ్ముతారట. టీచర్లకు ఈ పిచ్చి ఉంటుందని అందరికీ తెలుసట.”

ఆ ‘పిచ్చి’ అన్న మాట ఆవిడ మామూలుగానే చెప్పింది. కానీ చెప్పాక కాసేపు పెదవి కొరుక్కుంటూ ఉండిపోయింది.

నోటీసు వచ్చిన మూడు రోజులకు అమ్మ మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. “అయితే నేను ఆఫీసరుననుకో. అడుగుతాను, చెప్పు. అక్కడికెళ్ళి నీళ్ళు నమలకుండా ఉంటావు.” కుర్చీ ముందుకు లాక్కుంది. “ఏమ్మా, ఈ నాలుగు మాటలూ ఒకటేనా?”

“ఆఫీసర్లు ఏమ్మా అనరు, మేడం అంటారు.”

“సరే, ఏం మేడమ్మా, ఒకటేనా?”

తమ్ముడి పెదవుల మీద నవ్వులాంటిది కదిలి ఆగిపోయింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. “మా తమ్ముడు మర్చిపోయానని మాత్రమే చెప్పాడు. రాసేటప్పుడు మాట మార్చింది నేను. ఆ నాలుగూ ఒకే అర్థంలో వాడాను.”

“బాగుంది. ఏరా, నువ్వేం చెబుతావ్?”

“ఊఁ?” అన్నాడు తమ్ముడు.

“ఊఁ ఏమిట్రా, మర్చిపోయాను అను.”

“మర్చిపోయాను.”

“కాస్త గట్టిగా అనరా నాయనా, అక్కడ ఫ్యాన్లు మోత పెడతాయి.”

వంటగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. మరదలు తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మందుల షాపులో రోజంతా నిలబడి పనిచేసే పిల్ల. గొంతెత్తి మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.

“వదినా, ఆ నాలుగో మాటకి అర్థం ఏమిటన్నారు? ఇంకోసారి చెప్పండి.”

“నీకెందుకమ్మాయ్ అవన్నీ?” అంది అమ్మ.

టీచరమ్మకు పాఠం అడిగితే చెప్పకుండా ఉండే గుణం లేదు. “ఫర్‌గాట్ అంటే బుర్రలోంచి జారిపోయింది అని. ఓవర్‌లుక్డ్ అంటే ఎదురుగా ఉన్నా కంట పడలేదని. నెగ్లెక్టెడ్ అంటే చేయాల్సిన పనిని శ్రద్ధ లేక వదిలేశాడని. ఇగ్నోర్డ్ అంటే… చూశాడు, తెలుసు, గుర్తుంది, అయినా పోనీలే అనుకున్నాడని.”

మరదలు చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

“అయితే ఆ నాలుగోది తీసేయించకండి వదినా.”

అమ్మ నోరు తెరుచుకునే ఉండిపోయింది. చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అన్నట్టు కూతురి వైపు చూసింది.

“ఏం కూశావ్?”

“ఆయన మర్చిపోలేదత్తయ్యా. పడుకునే ముందు రోజూ అనేవారు, మూడో అంతస్తు లాకు చూడాలి అని. రేపు చూద్దాంలే అని మళ్ళీ ఆయనే అనేవారు. నేనూ వింటూ పడుకునేదాన్ని. లేచి వెళ్ళి చూడండి అని ఒక్క రోజూ అనలేదు.” ఆమె చేతులు ఇంకా తుడుచుకుంటోంది. “ఆ లాండ్రీ ఆవిడ మా షాపుకి మందుల కోసం వచ్చేది. మోకాళ్ళ నొప్పులకి. ఇప్పుడు వాళ్ళ చెల్లెలు వస్తోంది. నేను మొహం చూడలేక లోపలికి పోతున్నాను.”

“నీ మొగుణ్ణి జైలుకి పంపుతానంటున్నావా? వాడి పెళ్ళానివేనా నువ్వు?” అమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

“అమ్మా, ఆగు.” టీచరమ్మ తమ్ముడి ముందుకు వెళ్ళి నిలబడింది. నాన్న పోయిన నాటి నుంచీ వీడికి అన్నీ తనే. వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయని ఆవిడకు తెలుసు. ఇప్పుడు ఆ చెవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. దానికి అర్థమేమిటో ఆవిడకు తెలియలేదు.

“నా మొహం చూసి చెప్పు. మర్చిపోయావా?”

తమ్ముడు గోళ్ళ మీంచి కళ్ళెత్తాడు.

“మొదట్లో నిజంగానే చూసుకోలేదక్కా. తర్వాత ఒకసారి సర్వీసింగులో కనబడింది. స్ప్రింగ్ వదులైంది. కొత్తది స్టాకు లేదన్నారు. సరే, రానీ అనుకున్నా.”

“రాలేదా మరి?”

“వచ్చింది.”

“ఎక్కడుంది?”

అతను మూల వైపు చూశాడు. అక్కడ పనిముట్ల సంచి ఉంది. టీచరమ్మ కంటే ముందు అమ్మే వెళ్ళింది. స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ నేల మీద కుమ్మరించింది. అట్టపెట్టె ఒకటి దొర్లింది. అందులో చిటికెన వేలంత స్ప్రింగ్, పైన పూసిన నూనె కూడా ఆరలేదు.

“రోజూ మోసుకుని తిరిగానక్కా. అది మార్చాలంటే పూటంతా లిఫ్ట్ ఆపాలి. ఆపితే లాండ్రీ సూపర్‌వైజరు నానా గొడవా చేస్తాడు. దుప్పట్లు మెట్ల మీద మోయాలంటాడు. పోనీలే, ఇన్నాళ్ళు ఏం కాలేదు కదా అనుకున్నా. ఆ తలుపు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ గుర్తొచ్చేది. గుర్తొచ్చిన ప్రతిసారీ అలాగే అనుకున్నా.”

టీచరమ్మ గోడకు చేరబడింది. తను ఏమీ తెలియక, అందం కోసం పేర్చిన మాటలవి. ఒకదాని తర్వాత ఒకటి, వాడు చేసిన పనికి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. కంపెనీవాళ్ళు తప్పు చదవలేదు. తప్పు చెప్పబోతున్నది తను.

“నాకెందుకు చెప్పలేదురా?”

“నువ్వడగలేదు. ‘మర్చిపోయావు, అంతేగా’ అన్నావు. నేను ఊఁ అన్నా.”

అవును. అలాగే అంది. వాడు చెప్పకముందే జవాబు తనే అందించింది. ఆ తర్వాత దానికి నాలుగు రంగులు పూసింది.

అమ్మ స్ప్రింగును గుప్పిట్లో బిగించింది. “దీని సంగతి ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. నువ్వు వెళ్ళు. నేర్చుకున్నది చెప్పు. మర్చిపోయాడు అని చెప్పు!” అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, “నువ్వు మళ్ళీ నోరు విప్పావంటే నా శవాన్ని చూస్తావ్!” అంది.

మరదలు నేల మీద పడ్డ స్పానర్లు ఒక్కొక్కటే ఏరి సంచిలో పెట్టసాగింది.

బస్సులో అక్కాతమ్ముళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. టీచరమ్మ ఒళ్ళో, దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్న నోటు పుస్తకాల కట్ట. కంపెనీ ఆఫీసు దగ్గర పడుతోందనగా తమ్ముడు అన్నాడు, “నీ ఇష్టమక్కా. నువ్వేం చెబితే అదే.”

“నా నెత్తిన రుద్దకురా!” అరిచినంత పని చేసింది. ముందు సీటులో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. టీచరమ్మ గొంతు తగ్గించింది. “చేసేటప్పుడు నన్నడిగావా?”

తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు.

ఆఫీసు వరండాలో చెక్క బెంచీ ఉంది. దాని చివర ఒక నడివయసు మనిషి ప్లాస్టిక్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు ఆమెను చూడగానే నీళ్ళు తాగొస్తానని దూరంగా వెళ్ళిపోయాడు. ఎందుకో టీచరమ్మకు అర్థం కాలేదు. పక్కన కూర్చుంది.

ఆ మనిషి ఆవిడ చేతిలో నోటు పుస్తకాలు చూసింది. “మీరు టీచరా అమ్మా? కొంచెం ఇది చదివి చెప్తారా? హోటలువాళ్ళు మా అక్క చేత వేలిముద్ర వేయించుకోడానికి ఇచ్చారు. ముందు తెలుసుకుందామని తెచ్చాను.”

మా అక్క. అంటే ఈమె లాండ్రీ మనిషి చెల్లెలని టీచరమ్మకు అప్పుడు అర్థమైంది. కాగితం తీసుకుంది. ఇంగ్లీషులో రెండే వాక్యాలున్నాయి. లిఫ్ట్ వచ్చిందో లేదో చూసుకోవడం లాండ్రీ పనిమనిషి మర్చిపోయిందని, అందుకే ప్రమాదం జరిగిందని ఉంది. ఫర్‌గాట్. తను మొదటి పేరాలో రాసిన మాటే, ఇక్కడ ఇంకొకరి నెత్తిన కూర్చుంది.

“ఏముందమ్మా?”

“మీ అక్క చూసుకోవడం… మర్చిపోయిందని.”

ఆ మనిషికి కోపం రాలేదు. ఆశ్చర్యంతో కళ్ళు పెద్దవి చేసింది. “మా అక్కా? మర్చిపోవడమా? ఇంట్లో ఎవరి గుడ్డ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తుందమ్మా. తలుపు తెరుచుకుంది కాబట్టే అడుగేసింది. తెరుచుకుంటే లిఫ్ట్ ఉన్నట్టే అని వాళ్ళే కదా నేర్పింది? దీన్ని మర్చిపోవడం అంటారా?”

“అనరు,” అంది టీచరమ్మ. “వేలిముద్ర వేయించకండి.”

లోపలికి పిలిచారు. ఆ మనిషిని కూడా రమ్మన్నారు, గాయపడ్డవాళ్ళ తరఫున. తమ్ముడు నోటు పుస్తకాలు అందుకుని బల్ల మీద పెట్టాడు.

విచారణ ఆఫీసరు పెద్దవయసు మనిషి. కంఠంలో కాఠిన్యం లేదు. నోటు పుస్తకాలు తిరగేశాడు. ఎర్ర సున్నాలు చూసి నవ్వాడు కూడా. “మాకూ చిన్నప్పుడు ఇలాగే చెప్పేవారు మేడం. ఒకే మాట రెండుసార్లు రాస్తే వేళ్ళ మీద దెబ్బలు. యూనియన్ ఆయన అంతా చెప్పాడు. నాకైతే అర్థమైంది. ఇది ఇంగ్లీషు తెచ్చిన తంటా.”

అంత తేలిగ్గానా? టీచరమ్మ నమ్మలేకపోయింది. బస్సులో కూడబెట్టుకున్న మాటలన్నీ అవసరం లేకుండానే పోయాయి.

ఆఫీసరు వాంగ్మూలం ఆవిడ వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు. ఆ నాలుగు మాటల కిందా కంపెనీవాళ్ళు పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచారు. “మూడు మాటలు కొట్టేయండి. ఒకటి ఉంచండి. కింద మీరిద్దరూ సంతకం చేయండి. ఏది ఉంచినా దాని ప్రకారమే ముగిస్తాను. మొదటిదో రెండోదో అయితే హెచ్చరికతో పోతుంది. మూడోదైతే ఉద్యోగం పోతుంది. నాలుగోది ఉంచితే మాత్రం ఇక్కడితో ఆగదు, పోలీసులకు పంపక తప్పదు. మీకు చెప్పేదేముంది.”

మొదటిది ఉంచుతారని ఆయనకు అనుమానమే లేదు. అప్పుడే ఫైలు మూసే రిబ్బను చేతిలోకి తీసుకున్నాడు.

టీచరమ్మ పెన్ను పట్టుకుంది. వెనక నుంచి లాండ్రీ మనిషి చెల్లెలు ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆవిడ మొదటి గీత గీసింది. ఫర్‌గాట్ పోయింది.

ఆఫీసరు చేతిలో రిబ్బను ఆగిపోయింది. “మేడం, అది కాదేమో కొట్టాల్సింది…”

రెండో గీత గీసింది. ఓవర్‌లుక్డ్ కూడా పోయింది. ఇంక రెండే మిగిలాయి. తను ఏం చేస్తోందో ఆవిడకు అప్పుడు తెలిసింది. తమ్ముడి వైపు చూడటానికి భయం వేసింది.

“అక్కా, ఇటివ్వు.”

పెన్ను లాక్కుంటాడనుకుంది. కాదు. అతను మెల్లగా అందుకున్నాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

“ఆఖరిది నేనే కొడతాను. నీ కలిపిరాత నాకు చదవడం రాదు. చోటు చాలక అంచుల్లో కూడా రాశావు, ఏది ఎన్నో పేరానో గుర్తుపట్టలేను. నిజమైన మాట ఏదో వేలు పెట్టి చూపించు. అది ఉంచి మిగిలింది కొట్టేస్తా. నాకు నిద్ర పట్టి ఎన్నాళ్ళైందో నీకు తెలియదక్కా.”

టీచరమ్మ అతని కళ్ళలోకి చూసింది. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించమని పలక చేతిలో పెట్టి ఎదురుచూసిన కళ్ళే అవి. జైలు, దాని తలుపు, ఆ తలుపు వెనక వీడు. అంతకంటే ఆవిడ ఊహించలేకపోయింది.

వేలు కదిలింది. మూడో పేరా మీద, నెగ్లెక్టెడ్ అన్న మాట మీద ఆనింది.

“ఇదేనా?”

ఆవిడ తల ఊపింది.

తమ్ముడు మిగిలినదాన్ని, ఇగ్నోర్డ్ అన్నదాన్ని, కొట్టేశాడు. ఒకసారి కాదు, గట్టిగా రెండు గీతలు. సంతకం చేసి, అక్క చేత కూడా చేయించాడు. కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఎన్నాళ్ళుగానో చూడని ప్రశాంతత ఆ మొహంలో చూసి టీచరమ్మ దిమ్మెరపోయింది. పిల్లలకు ఇన్నేళ్ళుగా మాటలు చూపించింది ఆ వేలే. ఇంతవరకూ తప్పు మాటను ఎప్పుడూ చూపించలేదు.

ఆఫీసరు కాగితం చదివాడు. కళ్ళెత్తి ఆవిడ వైపు చూశాడు. “నకలు ఒకటి వాళ్ళకివ్వండి,” అని గుమాస్తాతో చెప్పాడు.

వరండాలోకి రాగానే తమ్ముడు తిన్నగా ఆ మనిషి ముందుకు వెళ్ళాడు. ఇందాక తప్పించుకుపోయినవాడు ఇప్పుడు తప్పించుకోలేదు.

“మీ అక్క ఏదీ మర్చిపోలేదమ్మా. ఆ లాకు పాడైందని నాకు తెలుసు. తెలిసీ వదిలేశాను. ఆ మాటే ఉంచాం ఇందులో. ఆమెకు చెప్పండి.”

ఆ మనిషి బిత్తరపోయి అతని వైపు చూసింది. ఎవరూ ఇలా వచ్చి చెప్పగా ఆమె వినలేదు. చేతిలో ఉన్న నకలు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పింది. తర్వాత టీచరమ్మ దగ్గరికి వచ్చి దాన్ని చేతికిచ్చింది.

“వేలిముద్ర వద్దని చెప్పినందుకు మిమ్మల్ని నమ్ముతున్నానమ్మా. ఈయన చెప్పిందే ఉందా ఇందులో? చదివి చెప్పండి.”

ఏం చదువుతుందో వినడానికి తమ్ముడు కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.